రుద్దే ముందు చదవండి

మనుబోలులో మా ఇంటి అటక మీద తాత దాచిన ఇనుప పెట్టె ఒకటుంది. మడిచిన పొలం కాగితాలన్నీ అందులోనే. ముసురు పట్టి గోడలు చెమ్మగిల్లినా వాటికి మరక అంటేది కాదు. మిలిటరీ పెట్టె అనేవాళ్లం, అంతకు మించి ఎవరికీ తెలియదు. మొన్న మేనల్లుడు దాన్ని దించి, "మామా, ఎమరీ కాగితంతో రుద్ది రంగేస్తా" అన్నాడు. "ఆగరా అబ్బయా, ముందు చదవనీ" అన్నాను.

తడిగుడ్డతో మెల్లగా తుడిస్తే రేకు మీద ఉబ్బెత్తు అక్షరాలు తేలాయి: క్యాలిబర్ .30, ఎం1. పక్కనే మంటలు చిమ్మే గుండు బొమ్మ, అమెరికా ఆర్డ్‌నెన్స్ శాఖ గుర్తు. రెండో ప్రపంచ యుద్ధంలో మెషిన్ గన్ బెల్టు, 250 తూటాలది, ఇందులో పెట్టేవారు. మూత అంచున రబ్బరు పట్టీ ఉంది. చెమ్మ తగిలితే మందు చెడుతుందని పెట్టిన ఆ పట్టీయే మా కాగితాలను కాపాడింది. యుద్ధం ముగిశాక మిగిలిపోయి అమ్మేసిన 'డిస్పోజల్స్' సరుకుగా ఇలాంటివెన్నో మన సంతలకు చేరాయి.

అప్పటి నుంచి పాత ఇనుము కొట్టుకు వెళ్తే ముందు పెట్టెలే చూస్తాను. వెడల్పాటి బాణం గుర్తు ఉంటే బ్రిటిష్ సర్కారు సొత్తు. బాణం కాళ్ల మధ్య ఇంగ్లిష్ 'ఐ' అక్షరం ఉంటే భారత ప్రభుత్వానిది. నారింజ రంగు డైమండ్ ముద్ర కనిపిస్తే అది ఆ యుద్ధం తర్వాత వేసినదే. అలాగని పెట్టె కొత్తదని తేల్చకూడదు. పాత పెట్టెకే రంగేసి, కొత్త ముద్ర కొట్టి మళ్లీ వాడేవారు. అందుకే ఉబ్బెత్తు అక్షరాలను ముందు నమ్ముతాను, రంగు రాతలను తర్వాత. రుద్దేస్తే పోయేది తుప్పొక్కటే కాదు, ఏ తూటాలు, ఏ తయారీ లాటు అని చెప్పే రాత కూడా.

ఒక్కమాట గట్టిగా చెప్పాలి. ఖాళీ అని తెలిసిన పెట్టెకే ఈ పరిశీలన. మూత బిగుసుకుని బరువుగా ఉన్నా, లోపల ఏదో కదిలినా తెరవొద్దు, కొట్టొద్దు, కదపొద్దు. పిల్లల్ని దూరంగా పంపి 112కు ఫోన్ చేయండి. ఎన్నేళ్లయినా మందుగుండును నమ్మకూడదు.

మా పెట్టెకు రంగు వేయలేదు. పొలం కాగితాలు మళ్లీ అందులోనే పెట్టాం.