ఒంటికో వాతావరణం, కాలికో వాతావరణం

మంగళవారం తెల్లారకముందే మా పరుగుల వాట్సాప్ గ్రూపులో ఒక కుర్రాడు ప్రకటన జారీ చేశాడు. ‘27 డిగ్రీలు. తేమ 94 శాతం. ఇది రన్నింగ్ వెదర్ కాదు. నేను రావట్లేదు.’ బెంగళూరు నుంచి ఈమధ్యే బదిలీ మీద విశాఖ వచ్చినవాడు. ఆ మెసేజ్ కింద టపటపా బొటనవేళ్ళు లేచాయి. చివరికి మేం రోజూ ఎక్కే కొండ మొదట్లో తేలింది నేనూ, పోర్టులో పనిచేసి రిటైరైన పెద్దాయన, మేమంతా పోర్టు మావయ్యగారని పిలిచే ఆయనా. రిటైరైన మర్నాడు కొన్న కాన్వాసు బూట్లు కుట్టించుకుంటూ, అతికించుకుంటూ ఇప్పటికీ వాటితోనే కొండెక్కుతున్నారు.

“ఆషాఢంలో ఉక్క పొయ్యకపోతే మంచు కురుస్తుందేమిటోయ్?” అన్నారు. ఆ మాట నాకు తెగ నచ్చింది. పొద్దున్నే లేచి వాకిట్లోకి చూడకుండా ఫోన్లోకి చూసే అలవాటు మీద నాకున్న కోపం ఈ శీర్షికలో చాలాసార్లు వెళ్ళగక్కినదే. రోజూ వెళ్ళేవాడికి వాతావరణంతో పనేమిటన్నది నా పాత పాట. ఆ వేళ ముందు నడిచేవాడికి దారికడ్డంగా అల్లిన సాలెగూళ్ళన్నీ మొహానికే తగులుతాయి కాబట్టి, మావయ్యగారిని ముందు పంపి, వెనక నుంచి ఆ పాటే పాడుకుంటూ ఎక్కాను.

కుర్రాడి లెక్క గాల్లోంచి ఊడిపడింది కాదు లెండి. మారథాన్‌లో మంచి టైములు ఎక్కువగా 10 డిగ్రీల చుట్టుపక్కలే వస్తాయి. 2019లో వియన్నాలో ఎలియుడ్ కిప్చోగే రెండు గంటల లోపు, అంటే 1:59:40లో, మారథాన్ దూరం పరిగెత్తిన సంగతి గుర్తుందా? అందుకోసం అక్టోబరు 12 నుంచి 20 దాకా రోజులు చేతిలో పెట్టుకుని, వాతావరణం చూసుకుని 12న బరిలోకి దిగారు. పెళ్ళికి కూడా మనం అంత గట్టిగా ముహూర్తం చూడం. విశాఖవాడికి 10 డిగ్రీలు కావాలంటే బండెక్కి లంబసింగి పోవాలి, అదీ డిసెంబరు, జనవరిల్లో. అయినా వియన్నాది చదును రోడ్డు. కొండదారి సంప్రదాయం వేరు. 1974లో కాలిఫోర్నియాలో గోర్డీ ఐన్స్‌లీ అనే ఆయన, నూరు మైళ్ళ గుర్రప్పందెం జరిగే సియెర్రా కొండల దారిలో, గుర్రం లేకుండా తన కాళ్ళ మీద బయల్దేరి 24 గంటల లోపే చేరాడు. నిండు వేసవి, లోయల్లో నిప్పులాంటి ఎండ. ఇవాళ వెస్టర్న్ స్టేట్స్ అని పేరుపడ్డ పరుగుకు అదే నాంది.

అంత దూరం పోవడమెందుకు? మన సింహాచలం గిరిప్రదక్షిణ లేదూ? ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు కొండ దిగువన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండను కుడిచేతి వైపు ఉంచుకుని, 32 కిలోమీటర్లు. చెప్పుల్లేకుండా. లక్షల మంది. ఏడాది మొత్తంలో గాలి చిక్కగా, తడిగా, కదలకుండా ఉండే రోజుల్లో. ముసలివాళ్ళు, చంటిపిల్లల్ని భుజానేసుకున్న తండ్రులు, ఏడాదంతా బస్టాపు దాకా కూడా నడవని గుమాస్తాలు. వీళ్ళలో ఒక్కడైనా తేమ శాతం అడిగాడా?

మా అమ్మమ్మ ఓపికున్నన్నాళ్ళూ వెళ్ళింది. చిన్నప్పుడు నన్నూ తీసుకెళ్ళేది. కొబ్బరికాయలు సంచిలో వేసుకుని మధ్యాహ్నమే చేరేవాళ్ళం కానీ, స్వామి రథం కదిలినా ఆవిడ కదిలేది కాదు. “ఎండ దిగనీరా. దేవుడెక్కడికీ పోడు” అని ఏ అరుగు నీడలోనో కూచోబెట్టేది. ఎండ వాలాక లేచి, తలమీద తడి తువ్వాలు వేసుకుని కాయ కొట్టేది. అడవివరం దాటేదాకా ఎవరెంత తోసుకుపోతున్నా ఆవిడ నడక ఒకటే. నేను పరిగెడితే “ఏటా తొందర?” అని రెక్క పట్టుకుని వెనక్కి లాగేది. దారిపొడుగునా పందిళ్ళలో పులిహోర, పానకం, మజ్జిగ ఇచ్చేవారు. పులిహోర వద్దనేది, పానకం నాకిచ్చేది, తను మాత్రం మజ్జిగలో ఇంకో చిటికెడు ఉప్పు అడిగి వేయించుకునేది. రోడ్డు మీద నీళ్ళు చల్లిన చోట కావాలని ఆ తడిలోనే నడిచేది.

అప్పూఘర్ దగ్గర సముద్రం పక్కకొచ్చేసరికి అందరూ అడుగు జోరు చేసేవారు. అమ్మమ్మ ఆగిపోయేది. సముద్రం వైపు తిరిగి, కొంగు వదులు చేసి, ఒళ్ళు ఆరేదాకా నిలబడేది. సముద్రానికి దణ్ణం పెడుతోందనుకునేవాణ్ణి. “ముందర ఎన్‌ఏడీ జంక్షన్ దాకా గాలుండదురా. ఇక్కడే ఆరిపో” అనేది. గోపాలపట్నం దాటేసరికి, మమ్మల్ని తోసుకుని పోయినవాళ్ళలో చాలామంది రోడ్డు పక్కన కాళ్ళు చాపుకుని కనిపించేవారు. ఆవిడ వాళ్ళని చూసి నవ్వేది కాదు. పాపం, పొద్దు చూసుకోలేదు అనేది.

కుర్రాడికి బుద్ధి చెప్పేందుకని ఈ కథ మొదలుపెట్టాను. తీరా రాస్తుంటే అమ్మమ్మ నా పక్షాన నిలబడడం లేదు, వాడి పక్షాన చేరుతోంది. ఫోను లేదుగానీ, ఆ రాత్రంతా ఆవిడ చేసింది వాతావరణం చూసుకోవడమే. ఆ మాటకొస్తే ఆ సింహాచలం కొండమీది స్వామి సంగతి మాత్రం? ఏడాదిలో ఒక్క అక్షయ తృతీయనాడు తప్ప చందనం పూత లేకుండా దర్శనమివ్వడు. ఉగ్రమూర్తికి చల్లదనం కావాలని మన పెద్దలు ఎప్పుడో గ్రహించారు.

ఒళ్ళు ఆరేదాకా నిలబడడంలో ఉన్న శాస్త్రం చిన్నదే. పరిగెత్తేటప్పుడు మనం ఖర్చుపెట్టే శక్తిలో ఎక్కువ భాగం వేడిగానే మారుతుంది. ఆ వేడిని చెమట తీసుకుపోవాలి, అదీ ఆవిరైతేనే. ముక్కు చివర నుంచి బొట్లుగా కారిపోయిన చెమట ఎంతైనా దండగే. గాలి అప్పటికే తడితో నిండి ఉంటే ఆవిరి ఎక్కడికి పోతుంది? అందుకే 1950ల్లో అమెరికా సైనిక శిబిరాల్లో, శిక్షణలో జవాన్లు వడదెబ్బకు పడిపోతుంటే, మామూలు థర్మామీటరుతో పాటు తడిగుడ్డ చుట్టిన థర్మామీటరునూ, ఎండ సెగ కొలిచే నల్లగోళాన్నీ కలిపి చూడడం మొదలుపెట్టారు. ఆ లెక్కలో పెద్ద వాటా తడిగుడ్డదే. కొండదారిలో ఇది ఇంకా కష్టం. రోడ్డు మీద వేగంగా పోయేవాడికి తన వేగమే ఇంత గాలి కొడుతుంది. ఎక్కుడులో కష్టం రెట్టింపు, వేగం సగం, పైగా చెట్లు ఉన్న గాలిని ఆపేస్తాయి. నీడ అని మురిసిపోతాం, ఉడికిపోతాం.

దీనికి ఒళ్ళు అలవాటు పడుతుంది, కాదనను. రోజూ కొంచెం కొంచెంగా తిరిగితే పది, పద్నాలుగు రోజుల్లో రక్తంలో నీటిపాలు పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. పోర్టు మావయ్యగారికి కొండ మొదట్లోనే చొక్కా తడిసిపోవడం వయసు వల్ల అనుకునేవాణ్ణి. అది ఆయన అర్హత. బెంగళూరు ఒంటికి ఆ అర్హత ఇంకా రాలేదు, వచ్చేదాకా ఆ కుర్రాడు ఎక్కుడు మానేసి కింద నడవడమే న్యాయం.

అయితే వాడి అంకెల్లో ఒకటి లోపించింది. ఫోను చెప్పేది ఒంటి వాతావరణం. కొండమీద పరిగెత్తేవాడికి కాలి వాతావరణం కూడా కావాలి. మన కొండలు ఖొండలైటు రాయి. అది పొడిపొడిగా రాలి ఎర్రమట్టి అవుతుంది. జనవరిలో గాలి అమృతం, దిగుడులో మాత్రం కాలికింద ఎండిన గులకరాళ్ళు దొర్లుతుంటాయి. నా ఎడమ మోకాలి మచ్చ జనవరిదే. శ్రావణంలో అదే మట్టి బూటుకు అరకిలో చొప్పున అంటుకుంటుంది, రాలిన ఆకుల కింద రాయుందో రక్తపింజరుందో తెలీదు. ఒంటికి బాగున్నప్పుడు కాలికి బాగోదు, కాలికి కుదిరిన రోజున ఒంటికి కుదరదు.

రెండూ కలిసేది అక్టోబరు, నవంబరుల్లో ఏవో కొన్ని పొద్దులు. వాయుగుండం దాటిపోయి, ఆకాశం విచ్చి, ఉత్తరపు గాలి పొడిగా తిరిగి, మట్టి మాత్రం ఇంకా గట్టి తడి మీద ఉండే రోజులు. ప్రతి తుఫాను తర్వాతా అని కాదు. 2014 హుద్‌హుద్ తర్వాత కొండలు మాడిపోయినట్టుండేవి, పడిపోయిన చెట్లతో దారులే లేవు. కానీ మామూలు వానైతే రెండో రోజో, మూడో రోజో మట్టి కాలిని పట్టుకుంటుంది, గాలి చెమటను లాక్కుంటుంది. ఆ పొద్దున ‘రోజూ వెళ్ళేవాడే’ అన్న బిరుదు కోసం ఎప్పటిలా అరగంటలో దిగిపోయి ఆఫీసుకు పరిగెత్తడం శుద్ధ దండగ. సెలవు పెట్టెయ్యాలి. చీటీలో మాత్రం జ్వరమనే రాయాలి. కొండ మీద మట్టి బాగుందంటే ఏ ఆఫీసరూ సంతకం పెట్టడు.