వాయించిన చేతులు, మోగిన పేరు

ఫంక్ సంగీతం గురించి రాసేవాళ్లు చాలామంది జేమ్స్ బ్రౌన్ దగ్గర మొదలుపెట్టి ఆయన దగ్గరే ఆగిపోతారు. వెనక వాయించినోళ్ల సంగతి? ఆయన 'జేబీస్' బ్యాండ్ ఎట్లా పుట్టిందో చూద్దాం. ఆ పేరులో ఉన్నవి కూడా యజమాని పొడి అక్షరాలే.

1968లో బ్రౌన్ నల్లజాతి ఆత్మగౌరవాన్ని 'సే ఇట్ లౌడ్' అని గొంతెత్తి పాడాడు. అదే స్టేజీ మీద స్వరం తప్పినా, బూట్లు మెరవకపోయినా వాయిద్యగాళ్లకు జరిమానా వేసేవాడు. 1970 మార్చిలో డబ్బు దగ్గర, పని పద్ధతుల దగ్గర బ్యాండ్‌లో ఎక్కువమంది ఎదురు తిరిగారు. బ్రౌన్ తగ్గలేదు. సిన్సినాటి నుంచి 'పేస్‌మేకర్స్' అనే కుర్రాళ్ల బ్యాండ్‌ను విమానంలో రప్పించి, జార్జియాలోని కొలంబస్‌లో స్టేజీ ఎక్కించాడు. బేస్ వాయించే బూట్సీ కాలిన్స్‌కు అప్పుడు 18 ఏళ్లు. గిటార్ అతని అన్న ఫెల్ప్స్‌ది.

దీన్ని అదృష్టం తలుపు తట్టిన కథగా చెప్తారు. మేము మాత్రం ఇది సమ్మెను విరిచిన కథ అంటాం. అట్లాగని ఆ పిల్లల్ని ద్రోహులనలేం. కూలి పెంచమని ఒక వాడ పని మానేస్తే, దొర పక్కూరి నుంచి కూలోళ్లను తోలుకొస్తాడు. వచ్చినోళ్లూ మనోళ్లే, వాళ్ల పొయ్యీ వెలగాల్సిందే. తప్పు పట్టాల్సింది తోలుకొచ్చిన చేతిని.

మరి సంగీతం ఏం చెప్తోంది? ఆ ఏప్రిల్‌లో రికార్డయిన 'సెక్స్ మెషీన్'లో బాకాలు వెనక్కి తగ్గాయి, బేసూ గిటారూ ముందుకొచ్చాయి. మొదటి దెబ్బ మీద బరువు పెట్టడం బ్రౌనే నేర్పాడని బూట్సీ స్వయంగా చెప్పాడు. కానీ ఆ దెబ్బకూ దెబ్బకూ మధ్య పరుగెత్తిన బేస్ బూట్సీది. డ్రమ్స్ మీద ఉన్నది పాత బ్యాండ్‌లోంచి మిగిలిన జాబో స్టార్క్స్. ఒక్కడి మేధస్సు అని పిలిచేది నిజానికి ఇంతమంది పని.

1969 నవంబరులో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ 'ఫంకీ డ్రమ్మర్' వాయించాడు. తర్వాత హిప్‌హాప్ వాళ్లు ఆ డ్రమ్ముల ముక్కను వందల పాటల్లో వాడుకున్నారు. పాట రాసినవాడిగా పేరు మాత్రం బ్రౌన్‌దే. 2017లో చనిపోయిన స్టబుల్‌ఫీల్డ్‌కు ఆ వాడకాల మీద రాయల్టీ హక్కు దక్కలేదు.

బ్రౌన్‌ను చిన్నబుచ్చడం మా ఉద్దేశం కాదు. 1933లో కటిక పేదరికంలో పుట్టి, పత్తి ఏరి, తెల్లోళ్ల కంపెనీలతో కొట్లాడి పైకొచ్చినవాడు. కానీ పీడితుడు యజమాని అయినంత మాత్రాన కూలి లెక్క దానంతటదే సరికాదు. ఈ మాట మనకూ తగులుతుంది. మాదిగల చేత వెట్టిగా కొట్టించిన డప్పు ఇవాళ మన సభల్లో గౌరవంగా మోగుతోంది. మరి కొట్టినోడి పేరు కరపత్రంలో వేస్తున్నామా? సభ అయ్యాక వాళ్ల చేతిలో ఎంత పెడుతున్నాం?

బూట్సీ, ఫెల్ప్స్ దాదాపు ఏడాదికే జేబీస్ నుంచి బయటికొచ్చారు. వాళ్లెందుకు పోయారని అడిగే విమర్శ మనకు కావాలి.