నమ్మదగిన సున్నా

రిఫైనరీ కంట్రోల్ రూమ్‌లో గ్యాస్ డిటెక్టర్ల తెర చూస్తే వరసగా సున్నాలే కనిపిస్తాయి. గాలిలో గ్యాస్ లేదని వాటి అర్థం. కానీ సెన్సర్ చచ్చిపోయినా సున్నాయే వస్తుంది. తప్పు ఎత్తులో బిగించినా సున్నాయే. పెయింటరు బ్రష్ దాని మొహం మీదుగా పోయినా సున్నాయే. తెర మీది సున్నాను నమ్మదగినదిగా చేయడమే ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ పని. ఆ పనితనాన్ని దగ్గరగా చూసేవాళ్లు తక్కువ. మూత బిగించాక అది ఎవరికీ కనిపించదు మరి.

మంచి పనివాడు డ్రిల్లు పట్టుకునే ముందు చాలాసేపు నడుస్తాడు. డ్రాయింగ్‌లో చుక్క ఉంటుంది. ఆ చుక్క దగ్గర పంపు సీలు ఎటు తిరిగి ఉంది, ఫ్లాంజ్ ఎక్కడుంది, కాలువ ఎటు వాలింది అన్నది అక్కడికి వెళ్తేనే తెలుస్తుంది. ప్రొపేన్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు, బ్యూటేన్ రెండు రెట్లు. కాబట్టి ఎల్పీజీ నేలబారున పాకి గుంటల్లో, ట్రెంచ్‌ల్లో చేరుతుంది. దానికి సెన్సర్ మోకాలి ఎత్తుకు మించకూడదు, వాన చిమ్మేంత కిందికీ పోకూడదు. మీథేన్ బరువు గాలిలో సుమారు సగమే గనక దానికి చోటు పైకప్పు కింద. అదే మీథేన్ ద్రవరూపంలోంచి చల్లగా బయటపడితే మాత్రం నేలనే పట్టుకుంటుంది. సూత్రం బట్టీపట్టినవాడికీ చోటు చదవగలిగినవాడికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. విశాఖలో అయితే పగలు సముద్రం నుంచి, రాత్రి నేల నుంచి వీచే గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈ ఊరికి ఎల్పీజీ సంగతి చెప్పనక్కర్లేదు. 1997 సెప్టెంబరు 14న ఇక్కడి రిఫైనరీలో ఎల్పీజీ లీకై మంటలు రేగి సుమారు 60 మంది చనిపోయారు.

చోటు కుదిరాక గ్లాండింగ్, అంటే కేబుల్‌ను గ్లాండ్ ద్వారా డిటెక్టర్ పెట్టెలోకి బిగించడం. నాకు అన్నింటికన్నా గౌరవం కలిగించే ఘట్టం ఇది.

ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టె గ్యాస్‌ను లోపలికి రానివ్వదని చాలామంది అనుకుంటారు. గ్యాస్ లోపలికి వస్తుందనే లెక్కతోనే దాన్ని తయారు చేస్తారు. లోపల నిప్పురవ్వ పడి పేలినా పెట్టె పగలకూడదు. జాయింట్ల సన్నని సందుల్లోంచి బయటికొచ్చే మంట దారిలోనే చల్లబడి, బయటి గ్యాస్‌ను అంటించలేని స్థితికి రావాలి. అందుకే కేబుల్ గ్లాండ్ కూడా ఆ పెట్టె గోడలో భాగమే. దాని మర కనీసం ఐదు పూర్తి చుట్లు పట్టాలి. ఆర్మర్ తీగలను సరైన పొడవుకు కోసి, కోన్ చుట్టూ ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా సమంగా పరిచి బిగించాలి. లోపలి సీలు లోపలి తొడుగును, బయటి సీలు బయటి తొడుగును పట్టుకోవాలి. తొడుగు ఒలిచేటప్పుడు కత్తి మొన లోపలి పొరను గీరితే, అనుభవజ్ఞుడు టేపు చుట్టి ఊరుకోడు. ఆ ముక్క కోసేసి మళ్లీ మొదలుపెడతాడు. వాడని రంధ్రానికి సర్టిఫై అయిన లోహపు ప్లగ్ వేస్తాడు, రవాణాలో వచ్చిన ప్లాస్టిక్ మూత అలా వదిలేయడు. మూతకు ఎనిమిది బోల్టులుంటే ఎనిమిదీ పడాలి. ఏడు చాలవా అనేవాణ్ణి ఆ ప్లాంటులో ఉండనివ్వకూడదని నా అభిప్రాయం.

మరకు రాసే గ్రీజులోనూ జాగ్రత్త ఉంది. క్యాటలిటిక్ సెన్సర్ గుండె ఆవగింజంత పూస. అందులో ప్లాటినం తీగ సుమారు 500 డిగ్రీల వేడి మీద ఉంటుంది. గ్యాస్ ఆ పూస మీద మండితే తీగ ఇంకా వేడెక్కి దాని నిరోధం పెరుగుతుంది, ఆ తేడానే పరికరం చదువుతుంది. సిలికోన్ ఆవిరి తగిలితే పూస మీద పొర కట్టి మొద్దుబారిపోతుంది. అందుకే తెలిసినవాడు సిలికోన్ లేని గ్రీజే అడుగుతాడు. ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్‌కు ఆ బెడద లేదు, కానీ అది హైడ్రోజన్‌ను చూడలేదు.

వైరింగ్ దగ్గరికొస్తే, చిన్న లెక్క చెబుతాను. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ నిరోధం కిలోమీటరుకు సుమారు 12 ఓమ్‌లు. డిటెక్టర్ కిలోమీటరు దూరాన ఉంటే పోనూ రానూ 24. అది 200 మిల్లీయాంప్స్ తీసుకుంటే దారిలోనే దాదాపు 5 వోల్టులు పోతాయి. 24 వోల్టులు పంపితే 19 అందుతాయి. కనీసం 18 కావలసిన డిటెక్టర్ ఆరోజు చక్కగా పనిచేస్తుంది. కరెంటు పోయి, బ్యాటరీ 22కు దిగిన రాత్రి మాత్రం అది 17 దగ్గర ఆగిపోతుంది. ఆ రాత్రిని ముందే ఊహించి 2.5 తీగ కావాలని పట్టుబట్టేవాడే నిజమైన పనివాడు. కేబుల్ షీల్డ్‌ను ఒక్క కొసనే ఎర్త్ చేసి, రెండో కొసను స్లీవ్‌తో మూస్తాడు. గ్లాండ్‌కు ముందు కేబుల్‌ను కిందికి వంచి వదులుతాడు, వాననీరు అక్కడే కారిపోవాలని. కేబుల్ ఇన్సులేషన్ పరీక్షకు మెగ్గర్ పెట్టే ముందు డిటెక్టర్‌ను విడదీస్తాడు.

డిటెక్టర్ నుంచి కంట్రోల్ రూమ్‌కు వెళ్లే సిగ్నల్ లూప్‌లో సున్నాకు 4 మిల్లీయాంప్స్, పూర్తి స్కేలుకు 20. తీగ తెగితే కరెంటు సున్నాకు పడుతుంది, తెర మీద ఫాల్ట్ వెలుగుతుంది. ఈ ఏర్పాటు అందమైనదే, కానీ మొద్దుబారిన పూసను అది పట్టుకోలేదు. చచ్చిన పూస కూడా బుద్ధిగా 4 చూపిస్తుంది. దాన్ని పట్టగలిగేది గ్యాస్ ఒక్కటే. మీథేన్ మండాలంటే గాలిలో కనీసం 5 శాతం ఉండాలి, పూర్తి స్కేలు అంటే అదే. అందులో సగం, అంటే 2.5 శాతం ఉన్న సిలిండర్ తెచ్చి సెన్సర్ మొహానికి కప్పు తొడిగితే 12 మిల్లీయాంప్స్ రావాలి. ఎంత వచ్చిందన్నదే కాదు, ఎంత త్వరగా వచ్చిందో కూడా శ్రద్ధగలవాడు రాసుకుంటాడు. అదే సమయంలో కంట్రోల్ రూమ్‌లో ఉన్న సహచరుణ్ణి వాకీటాకీలో పిలిచి, తెర మీద ఆ ట్యాగ్ నంబరే కదిలిందా అని అడుగుతాడు.

పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతను చూసే కేంద్ర సంస్థ పెసో ఆమోదం పరికరానికి వస్తుంది, గ్లాండింగ్‌కు రాదు. కాబట్టి ప్లాంటు యాజమాన్యాలకు నా విన్నపం: షట్‌డౌన్ ముగింపు తొందరలో గ్యాస్ పరీక్షకు కేటాయించిన సమయాన్ని కోయకండి. ప్రతి డిటెక్టర్ మూత మూయకముందు లోపలి టర్మినేషన్‌ను మరో అనుభవజ్ఞుడి చేత చూపించండి. గ్లాండ్ బిగించినవాడి సంతకం రికార్డులో ఉంచండి.