ఒకే దుంగలో ఇద్దరు, ఒకే రాతిలో నలుగురు

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే వేళయిందంటే జనమంతా గడియారం ముందు చేరతారు. చిన్న తలుపు తెరుచుకుని గడ్డపు బొమ్మ బయటికొస్తుంది, లెక్క ప్రకారం గంటలు కొట్టి లోపలికి పోతుంది. మొయినాబాద్, చేవెళ్ల బళ్ల నుంచి బస్సు కట్టించుకుని వచ్చిన పిల్లలకు పెద్దయ్యాక కూడా గుర్తుండేది ఆ బొమ్మే. అందులో తప్పేం లేదు. కానీ ఆ కాసేపు తక్కిన గదులు పలచబడతాయి. కొయ్యలో చెక్కిన జంట విగ్రహాన్ని తీరిగ్గా చూడాలనుకునేవాళ్లకు అంతకన్నా మంచి అదను దొరకదు.

ఎదుట నిలబడితే కనిపించేవాడు మెఫిస్టోఫిలిస్. గేటే రాసిన ‘ఫౌస్ట్’ నాటకంలో మనిషి ఆత్మకు బేరం పెట్టిన సైతాను. తలమీద ముసుగు, కాళ్లకు మడమల బూట్లు, ఎముకలు తేలిన పొడుగాటి మొహం, ఎవరినీ లెక్కచేయని ఇకిలింపు. వెనక నిలువుటద్దం ఉంది. అందులో వాడి వీపు కనబడాలి కదా, కనబడేది మార్గరెట్టా. కళ్లు దించుకుని, ప్రార్థన పుస్తకం పట్టుకుని, ఆ బేరంలో నలిగిపోయిన అమాయకపు పిల్ల. ఇద్దరికీ కలిపి ఒకటే సికమోర్ దుంగ, ఎత్తు దాదాపు ఆరడుగులు. 19వ శతాబ్దపు పని.

మంచీ చెడూ ఒకే ఒంట్లో ఉంటాయంటూ ఈ బొమ్మకు చెప్పే భాష్యం నాకు పెద్దగా ఎక్కదు. నన్ను కట్టిపడేసేది వడ్రంగం. రెండు బొమ్మలు విడిగా చెక్కి వీపులు అతికించడం ఎవరైనా చేస్తారు. ఇక్కడ ఇద్దరిలో ఒక్కరికీ వీపు లేదు. అతని అంగీ అంచు ముగిసినచోటే ఆమె దుస్తుల అంచు మొదలవ్వాలి. ముందు నుంచి భుజాల వెడల్పు ఎంతో వెనక నుంచీ అంతే. బరితెగించిన మగవాడి భుజాలను తలవంచుకున్న ఆడపిల్లకు తగిలిస్తే వికారంగా ఉంటుంది. ఆమె భుజాలు అతనికిస్తే సైతాను కాస్తా చిక్కిపోతాడు. అందుకే శిల్పి గుడ్డను ఆశ్రయించాడనుకుంటాను. ముసుగు, వేలాడే మడతలు ఒంటి కొలతల్లోని తగాదాలన్నిటినీ లోపల దాచేస్తాయి. పక్కగా వెళ్లి నిలబడి, ఒకరి బట్ట ఇంకొకరి బట్టగా మారే గీత ఎక్కడుందో వెతకండి. పనితనమంతా ఆ గీతలో ఉంది.

మందం సంగతి ఇంకో చిక్కు. దుంగ లోతును ఇద్దరూ పంచుకోవాలి. ఒకవైపు అంగుళం ఎక్కువ తవ్వితే రెండోవైపు అంగుళం తగ్గుతుంది. రెండు మొహాలనూ మనసులో పెట్టుకోకుండా ఉలి మీద దెబ్బ వేయడానికి లేదు. పైగా పెద్ద దుంగకు పుట్టుకతో ఒక గండం ఉంది. ఆరేటప్పుడు కొయ్య కేంద్రం వైపు తక్కువగా, వలయాల వెంట ఎక్కువగా ముడుచుకుంటుంది. నిలువు పగుళ్లు వచ్చేది అందుకే. ఆ పగులు మొహం మీదుగా పోయిందా, పనంతా బూడిదలో పోసిన పన్నీరే. సికమోర్ పాలిపోయిన రంగుది, నార సన్నగా, సమంగా ఉంటుంది. ఉలిని ఎటు తిప్పినా మరీ ఎదురు తిరగదు. చెట్టు ఎంపికలోనే సగం శిల్పి కనిపిస్తాడు.

అదే మ్యూజియంలో ముసుగు రెబెక్కా ముందు మామూలుగా రద్దీ తగ్గదు. ఇటలీ శిల్పి బెంజోని పాలరాతి బొమ్మ. నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. రాతిలోంచి మొహం కనిపిస్తోందని ఆశ్చర్యపోతాం గానీ రాయి ఏమీ పారదర్శకం కాదు. ముక్కు, కనురెప్పల గట్లను మెత్తగా వదిలి, వాటి మీదుగా మడతల గీతలను పదునుగా నడిపాడు. మిగతాది మన కన్ను పూరిస్తుంది. గొప్ప పనే. అయితే ఆ గొప్పంతా ముందువైపే చూపించుకునే రకం.

ఈ సరుకంతా ఎక్కువగా మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) కూడబెట్టింది. 1951 డిసెంబర్ 16న నెహ్రూ సాలార్‌జంగ్‌ల నివాసమైన దివాన్ దేవిడీలో మ్యూజియాన్ని ప్రారంభించారు, 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనంలోకి మారింది. ఆ మూసీ వికారాబాద్ అనంతగిరి కొండల్లో పుట్టి, మొయినాబాద్ పక్కనే గండిపేట చెరువుగా నిలిచి, ఆ తర్వాతే పట్నంలోకి వస్తుంది. నీటికి ఎదురు వెళితే, ఈ జంట విగ్రహం కన్నా దాదాపు వెయ్యేళ్లు పెద్దదైన అన్నయ్య ఒకడు కనిపిస్తాడు.

మొయినాబాద్ మండలం ఎనికేపల్లిలో చెరువు తూముకు బిగించిన రెండు చదరపు స్తంభాలను 2023లో పురావస్తు పరిశోధకుడు ఈమని శివనాగిరెడ్డి పరిశీలించారు. ఒకటి గ్రానైట్, ఇంకొకటి నల్ల బసాల్టు. నాలుగు ముఖాల మీద నలుగురు జైన తీర్థంకరులు: ఆదినాథుడు, నేమినాథుడు, పార్శ్వనాథుడు, వర్ధమాన మహావీరుడు. అందరూ ధ్యానంలో ఉన్నారు, పైన అలంకారంగా సింహపు మొహాల్లాంటి కీర్తిముఖాలు. తెలుగు-కన్నడ లిపిలో శాసనాలు కూడా ఉన్నాయి. గోడలోకి పోయిన భాగం చదవడానికి వీలు కాలేదు. బయటికి కనిపించిన మేరకు చిలుకూరు దగ్గరి జిన బసది, అంటే జైన ఆలయం, ప్రస్తావన ఉంది. రాష్ట్రకూటుల, వేములవాడ చాళుక్యుల కాలంలో, అంటే 9, 10 శతాబ్దాల్లో, చిలుకూరు పేరున్న జైన కేంద్రం. బసది పాడుబడ్డాక స్తంభాలు తూముకు వచ్చి చేరాయి. తూము కట్టిన మేస్త్రీని తిట్టబుద్ధి కాదు. నాలుగు పక్కలా చదును చేసిన నిలువు రాయి అతనికి సిద్ధంగా దొరికింది, వాడుకున్నాడు. దానివల్లే ఇన్నాళ్లు నిలబడి ఉంది కూడా.

నాలుగు ముఖాల జినబింబాన్ని సర్వతోభద్రం అంటారు. ఎటునుంచి వచ్చినా శుభమే. దాన్ని చూడాలంటే చుట్టూ తిరగాలి. ఇప్పుడు అదే చిలుకూరులో బాలాజీ గుడి చుట్టూ వీసాల కోసం పదకొండు, కోరిక తీరాక నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసే కుర్రకారుకు ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

పద్మాసనంలో కూర్చున్న జినుడికి శిల్పశాస్త్రం చెప్పే లెక్క ఒకటుంది. మోకాలి నుంచి మోకాలికి, కుడి మోకాలి నుంచి ఎడమ భుజానికి, ఎడమ మోకాలి నుంచి కుడి భుజానికి, పీఠం నుంచి జుట్టు అంచుకు, నాలుగు దారాలూ సమానంగా రావాలి. ఒక్క బొమ్మకే అది కష్టం. నాలుగు ముఖాల రాతిలో మోకాళ్లు, నాభి, కళ్లు ఒకే మట్టంలో రాయి చుట్టూ తిరిగి వచ్చి కలవాలి. ఒక ముఖం మీద కన్ను కాస్త కిందికి జారిందంటే, పక్కవాడికి తిరిగేసరికి దొరికిపోతుంది. మార్గరెట్టాను చెక్కినవాడు రెండువైపులకే లోతు పంచాడు, ఇతను నాలుగువైపులకు పంచాలి. మూలల్లో రాతిని ముట్టకుండా వదిలితేనే స్తంభం స్తంభంగా నిలుస్తుంది. తేడా చూపించడానికి గుడ్డా లేదు, చేష్టా లేదు. నలుగురూ ఒకే భంగిమలో ఉంటారు. శిల్పులు సాధారణంగా పార్శ్వనాథుడికి పాము పడగలు, ఆదినాథుడికి భుజాల మీద పడే కురులు ఇచ్చి పోల్చుకోనిస్తారు. అంతకుమించి ఎవరికీ వ్యక్తిత్వం ఇవ్వరాదు.

రాళ్ల ఎంపిక నాకు మరీ ముచ్చటేస్తుంది. హైదరాబాద్ గ్రానైట్ గుట్టలకూ, వికారాబాద్ వైపు నల్లరేగడి కింద పరుచుకున్న దక్కను బసాల్టుకూ నడుమ ప్రాంతమిది. ఆ రెండు రాళ్లూ ఒకే తూములో పక్కపక్కన ఉన్నాయి. బసాల్టు రేణువు కంటికి ఆనదు కాబట్టి సన్నగీత గీసినా అంచు నిలుస్తుంది. వేయిస్తంభాల గుడిలోనూ రామప్పలోనూ కాకతీయుల శిల్పులు అద్దంలా నునుపు తేల్చినది ఆ జాతికి దగ్గరి నల్లరాయినే. గ్రానైట్ అలా కాదు. స్ఫటికపు పలుకు ఒకచోట మొండికేస్తుంది, పక్కనే ఇంకో పలుకు ఊడిపోతుంది. పెదవి గీత మీద పలుకు రాలితే అతికే మార్గం లేదు. అందుకే గ్రానైట్ మీద మొహాలు గుండ్రంగా, గీతలు పొదుపుగా ఉంటాయి. నునుపు చూసి మెచ్చుకునేవాళ్లు బసాల్టు స్తంభానికే ఓటేస్తారు. నా ఓటు గ్రానైట్ మీద ఆ నలుగురినీ ఒకే మట్టానికి తెచ్చినవాడికి.