ప్రేమ నవలలు: అరిగిన దారి, నడవని దారి



మన గ్రామములలో చేతులు మారుచు, అట్టలూడినను విడువక చదువబడు పుస్తకములలో ప్రేమ నవలలు అనేకము. వాటిని తెరువకయే నిందించుట న్యాయము కాదు. చదివి, గింజ యేదో తాలు యేదో చెరిగి చూచుట మేలు.

యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ని తీసికొనుడి. 1960ల దశకములో వెలువడిన యీ నవల 1976లో చలనచిత్రమాయెను. రాజశేఖరము ధనవంతుడు, జయంతి పేదపిల్ల. అయినను ఆమె ఉద్యోగము చేసికొని బ్రదుకును, డబ్బునకు లొంగదు. ఇది గింజ. తరువాతి నవలలనేకము ఆమె ఆత్మగౌరవమును విడిచి అతని కారును పట్టుకొన్నవి. పొడగరి, ధనికుడు, కోపిష్ఠి, నోరు విప్పనివాడు: ఇతడే నాయకుడు. ఒక్కమాట అడిగినచో తీరిపోవు అపార్థము రెండువందల పుటలు సాగును. చివర పెండ్లి.

ఇందు కీడేమనగా, కసురుకొనుట కూడ ప్రేమయేనని పడుచులు నమ్ముదురు. కసరు భర్త నవలలోవలె ఒకనాడు మారునని కనిపెట్టుకొని యున్న యిల్లాలికి ఆ చివరి పుట ఎప్పుడు వచ్చును?

అదే రచయిత్రి ‘మీనా’లో దారి మార్చిరి. కలిగినవారి పట్టణపు పిల్ల మేనమామగారి పల్లెకు వచ్చి, సేద్యము చేయు బావను ప్రేమించును. ఈ కథ 1973లో చలనచిత్రమైనది. ధనము ఈసారి పిల్ల వైపున నున్నది; ఆమెను ఆకర్షించినది ఆ యింటి ఆప్యాయత.

ఇంకను అరుదైన దారి యొకటి కలదు. ఇంగ్లండు రచయిత్రి జేన్ ఆస్టిన్ 1817లో మరణించిరి. ఆ సంవత్సరాంతముననే ‘పర్స్యుయేషన్’ వెలువడెను. అందు ఆన్ ఎలియట్ 19వ యేట, పెద్దల మాట విని, పేద నౌకాధికారితో కుదిరిన సంబంధమును విడిచినది. ఎనిమిదేండ్లకు అతడు తిరిగివచ్చును. ఆమెకు 27 ఏండ్లు. తొలి నిగనిగ తగ్గినది, మనసు మాత్రము మారలేదు. అతడు బిగించుకొని కూర్చుండక, హృదయము విప్పి ఉత్తరము వ్రాయును. దానితో చిక్కు విడిపోవును.

పంటపోయిన యేట ఒకరినొకరు విడువని దంపతులు, మంచము పట్టిన భార్యకు గంజి కాచి త్రాగించు మగడు మన యూళ్లలో లేరా? వారి కథలు నవలలలో కొద్ది.

కాబట్టి చదువుడి. పుస్తకము మూసిన తరువాత ఒక్క ప్రశ్న వేసికొనుడి: పెండ్లియైన పదియవ యేట వీరిద్దరు ఏమి మాటలాడుకొందురు? జవాబు దొరికిన పుస్తకమును పొరుగింటి పిల్లకు ఇయ్యుడి.