రుజువు కోరే పేద: యూదు ప్రవక్తల సంప్రదాయం వెలుగులో ‘గబ్బిలం’

గుర్రం జాషువ ‘గబ్బిలం’ (1941) మీద వచ్చిన విమర్శలో రెండు దృక్పథాలు ప్రముఖంగా కనిపిస్తాయి. కాళిదాసు మేఘసందేశంతో పోల్చి దీనిని సందేశకావ్యంగా వివేచించడం ఒకటి. ఇందులోని కరుణరసపోషణను ప్రశంసించడం రెండవది. రెండూ ఉపేక్షింపదగినవి కావు. అయితే కరుణ అన్న మాట దగ్గర ఆగిపోతే కావ్యనాయకుడు అడుగుతున్నదేమిటో మరుగున పడుతుంది. అతడు కోరుతున్నది జాలి కాదు, సమాధానం. ఈ భేదాన్ని స్పష్టం చేయడానికి యూదు ప్రవక్తల సంప్రదాయాన్ని, దానిని ఆధునిక తత్త్వశాస్త్రంలోకి తెచ్చిన హెర్మన్ కోహెన్ (1842–1918), ఇమ్మాన్యుయేల్ లెవినాస్ (1906–1995) ఆలోచనలను ఈ వ్యాసం ఆధారం చేసుకుంటుంది. జాషువ క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు, ‘క్రీస్తు చరిత్ర’ కర్త. కనుక బైబిలు ప్రభావం ఎంత అన్న ప్రశ్న సహజమే. కాని ఇక్కడి ఉద్దేశం ప్రభావనిరూపణ కాదు; వేర్వేరు కాలాల్లో, వేర్వేరు నేలల్లో అడిగిన ఒకే ప్రశ్నను పక్కపక్కన పెట్టి చూడటం.

1. ప్రవక్తలు కనుగొన్న పేద

క్రీ.పూ. 8వ శతాబ్దానికి చెందిన ఆమోసు పురోహితుడు కాడు. తెకోవ ఊరి పశువులకాపరి, మేడిపండ్లు ఏరుకొని బతికేవాడు. ధనికుల మీద అతడు మోపిన నేరాల్లో ఒకటి, చెప్పులజోడు కోసం పేదవాణ్ణి అమ్మివేయడం. న్యాయం లేనిచోట జరిగే పండుగలు దేవునికి అసహ్యమని అతడు ప్రకటించాడు. ఆకలిగొన్నవానితో అన్నం పంచుకోవడమే దేవుడు మెచ్చే ఉపవాసమని యెషయా గ్రంథం చెబుతుంది. విధవరాలు, తండ్రిలేని బిడ్డ, పరదేశి అన్న ముగ్గురి ప్రస్తావన ధర్మశాస్త్రంలోనూ ప్రవక్తల గ్రంథాల్లోనూ పదే పదే వస్తుంది. పేదకు ఇవ్వడాన్ని యూదులు ‘సెదాకా’ అంటారు. ఆ మాటకు మూలార్థం నీతి, న్యాయం. ఇచ్చేవాని ఔదార్యం కన్నా పుచ్చుకొనేవాని హక్కు అందులో ముందు నిలుస్తుంది.

ఈ సంప్రదాయాన్ని తత్త్వశాస్త్ర సమస్యగా మార్చినవాడు జర్మనీలోని మార్బుర్గ్ విశ్వవిద్యాలయంలో బోధించిన కోహెన్. ఆయన మరణానంతరం 1919లో వెలువడిన గ్రంథం యూదు మూలాల నుండి హేతుబద్ధమైన మతాన్ని నిర్మించే ప్రయత్నం. అందులో ఆయన వాదసారం ఇది: పురాణగాథ మానవుని బాధకు అతని నేరాన్ని కారణంగా చూపుతుంది. ప్రవక్తలు ఆ లంకెను తెంచారు. మరణరహస్యం కన్నా దారిద్ర్యాన్నే మానవుని ప్రధానదుఃఖంగా గుర్తించారు. నా బాధలో నా తప్పును నేను వెదకుకోవచ్చు. ఎదుటివాని బాధలో అతని తప్పును వెదకే హక్కు నాకు లేదు. ఆ వెదకులాట మానినప్పుడే పక్కన ఉన్న మనిషి సాటిమనిషి అవుతాడు.

లెవినాస్ దీనిని మరింత తీవ్రం చేశాడు. లిథువేనియాలో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడిన ఆయన తల్లిదండ్రులను, సోదరులను నాజీలు హతమార్చారు. 1961 నాటి ప్రధానగ్రంథంలో ఎదుటివాని ముఖం నన్ను బాధ్యునిగా నిలబెడుతుందని, ఆ ముఖం పేదది, పరదేశిది, విధవరాలిది, అనాథది అని ఆయన అంటాడు. ప్రయోజనం లేని బాధను గురించి 1982లో రాసిన వ్యాసంలో, పొరుగువాని బాధను సమర్థించడమే అనైతికతకంతటికీ మూలమన్న నిర్ణయానికి వచ్చాడు.

2. కర్మ, రుజువు

ఈ నిర్ణయాన్ని తెలుగునేల మీద పెట్టి చూస్తే మొదట ఎదురయ్యేది కర్మసిద్ధాంతం. పొరుగువాని బాధను సమర్థించడానికి ఇంతకన్న సమగ్రమైన సాధనం లేదు. నేటి ఆకలికి నిన్నటి జన్మ కారణమైతే, చూసేవానికి బాధ్యత ఉండదు. ‘గబ్బిలం’ నాయకుడు ఈ సిద్ధాంతాన్ని తత్త్వచర్చగా ఖండించడు. స్వార్థపరులు దానితో తన నోరు కట్టి తన కూడు తాము తింటున్నారని అభియోగం మోపుతాడు. కర్మ అంటే ఏమిటో, దానికి తనమీద పగ దేనికో ఈశ్వరుని చేతనే రుజువు చేయించమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. రుజువు న్యాయస్థానపు మాట. ఇక్కడ నిరూపణభారం బాధితుని మీద లేదు, అతని బాధను సమర్థించేవారి మీద ఉంది. యోబు గ్రంథంలో స్నేహితులు అతని బాధకు పాపమే కారణమని వాదిస్తే, యోబు దేవునితోనే వ్యాజ్యమాడటానికి సిద్ధపడతాడు. ఇద్దరి విన్నపంలోనూ విధేయత ఉంది. ఇద్దరూ తలవంచి ఊరుకోలేదు.

3. దానం కాదు, అప్పు

కావ్యంలోని రెండవ అభియోగం ఉత్సవాలకు సంబంధించినది. ప్రతిమల పెండ్లికి వేలు ఖర్చుచేసే దేశం పేదల ఖాళీ పాత్రలో మెతుకు విదల్చదన్న ఆవేదన ఆమోసు, యెషయాల ధోరణికి ఎంతో దగ్గరిది. అంతకన్న విశేషమైనది చెప్పుల ప్రస్తావన. ఆమోసు దగ్గర చెప్పులజోడు పేదవాని వెల. జాషువ దగ్గర పేదవాడే చెప్పులు కుట్టేవాడు. దేశవీరుని పాదం కందకుండా కాచినవాడు. అతని సేవకు ఈ దేశమే అప్పుపడి ఉన్నదని కవి నిర్ణయం. అప్పు అన్నచోట ఇచ్చేవాడు దాత కాడు, బాకీదారు. సెదాకాలోని న్యాయార్థం ఇక్కడ తెలుగు లెక్కల భాషలో పలికింది. కరుణరసచర్చ ఈ బాకీని కన్నీటిలో కలిపివేస్తుంది. పాఠకుడు కంటతడి పెట్టి తృప్తిపడవచ్చు, అప్పు మాత్రం తీరదు.

4. చోళసీమలో ఇద్దరు

జాషువ తన నాయకుణ్ణి తంజావూరు సీమలో నిలిపాడు. అది పూర్వపు చోళదేశం. నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తితో ముడిపడిన పాల్కురికి సోమనాథుడు ‘బసవపురాణం’లో చెప్పిన మాదార చెన్నయ్య కథ కూడా చోళరాజు కాలానిదే. కరికాలచోళుని నైవేద్యాన్ని కాదని శివుడు చెన్నయ్య అంబలిని ఆరగించాడు. సంగతి తెలిసి రాజు చెన్నయ్య పాదాలపై పడ్డాడు. ‘గబ్బిలం’లో అదే దేవుడు, అదే సీమ, చెన్నయ్య వర్గానికే చెందిన అరుంధతీసుతుడు. కాని ఇక్కడ దేవుడు గుడిసెకు రాడు, నాయకునికి గుడిలో ప్రవేశం లేదు. పూజారి లేని వేళ చూసి గబ్బిలమే శివుని చెవిలో మాట వేయాలి. వీరశైవం భక్తునికి దేవుని మీద ఇచ్చిన అధికారం కాలక్రమాన ఎంత ఎండిపోయిందో ఈ పోలిక చూపుతుంది. దేవుణ్ణి నిలదీసే సంప్రదాయం తెలుగుకు అరువు తెచ్చుకున్నది కాదని కూడా ఇదే చెబుతుంది.

5. తత్త్వవేత్తలకు తెలుగు ప్రశ్న

కోహెన్, లెవినాస్‌ల వెలుగులో ‘గబ్బిలా’న్ని చదవడం ఎంత అవసరమో, ‘గబ్బిలం’ వెలుగులో వారిని చదవడం అంత అవసరం. వారి దర్శనంలో ‘నేను’ వినేవాడు. పేద ఎదుట నిలిచేవాడు. నీతి అంతా వినేవాని మేల్కొలుపుగా సాగుతుంది. ‘గబ్బిలం’లో సందేశం ఇచ్చేది పేదవాడే, ‘నేను’ అతనిది. అందుచేత కావ్యం వేసే ప్రశ్న వేరు: ముఖమే ఎదుటపడకుండా ఊరి వెలుపల ఉంచిన సమాజంలో, ఎదుటివాని ముఖం నన్ను ప్రశ్నిస్తుందన్న మాటకు అర్థమేమిటి? అస్పృశ్యత అంటే తాకకపోవడం మాత్రమే కాదు. ఎదురుపడే అవకాశాన్నే రద్దుచేసే ఏర్పాటు. మనిషికి బదులు, అశుభమని మనుషులు తరిమే గబ్బిలం దూత కావలసిరావడం ఆ ఏర్పాటుకు సాక్ష్యం. లెవినాస్ సూత్రం సమ్మతమే అయినా, దానికి ముందు ఎదురుపడే హక్కు ఒకటి ఉండాలని జాషువ కావ్యం నిరూపిస్తున్నది.

ముగింపు

ప్రవక్తల సంప్రదాయం పేదను దయకు పాత్రునిగా కాక న్యాయానికి కొలతగా నిలిపింది. కోహెన్ అతని బాధను నేరం నుండి విడదీశాడు. లెవినాస్ ఆ బాధకు సమర్థన వెదకడాన్నే నేరమన్నాడు. జాషువ ఆ పేదనే ఫిర్యాదిగా నిలిపి మాట్లాడించాడు. కనుక ‘గబ్బిలా’న్ని కరుణరసకావ్యమని బోధించేటప్పుడు, అందులోని అభియోగాలను, అడిగిన రుజువును, రాసిన అప్పును కూడా విద్యార్థి ముందు ఉంచవలసి ఉంటుంది. సందేశకావ్యాన్ని చదివినవాడు దూత ప్రయాణాన్ని మెచ్చుకొని పుస్తకం మూయవచ్చు. ఫిర్యాదును చదివినవాడు మాత్రం ప్రతివాదుల వరుసలో తన చోటు ఎక్కడో చూసుకోవలసి వస్తుంది.