ఆహారపట్టికలు - కాల్షియము లెక్క

పెద్దల శరీరములో సుమారు ఒక కిలోగ్రాము కాల్షియము ఉండును. అందు నూటికి 99 పాళ్లు ఎముకలలోను, పళ్లలోను నిలువయై యున్నది. మిగిలిన ఒక్క పాలు గుండె కొట్టుకొనుటకు, కండరములు ముడుచుకొనుటకు, రక్తము గడ్డకట్టుటకు అవసరము. ఆహారములో కాల్షియము చాలనిచో శరీరము ఈ ఒక్క పాలును తగ్గనీయదు. ఎముకలనుండి అప్పు తెచ్చుకొనును. ఆ అప్పు ఏండ్ల తరబడి తీరనిచో ఎముకలు గుల్లబారును. కావున ఏ ఆహారములో ఎంత కాల్షియము కలదో తెలుపు గ్రంథము మనకు మిక్కిలి అవసరము.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ‘భారతీయ ఆహార సంఘటన పట్టికలు’ అట్టి గ్రంథము. ఈ కృషికి మూలము 1937లో కూనూరున ఐక్రాయిడ్ వెలువరించిన చిన్న పుస్తకము. నూతన గ్రంథమునకై దేశమును ఆరు ప్రాంతములుగా విభజించి, నమూనాలు సేకరించి, 528 ఆహారపదార్థములను పరీక్షించిరి. అంకె ప్రక్కనే దాని హెచ్చుతగ్గుల మేరను గూడ చూపుట ఇందలి గొప్ప సుగుణము. 100 గ్రాముల రాగులలో 364 మిల్లీగ్రాముల కాల్షియము కలదని చెప్పి ఊరకొనక, ఆ అంకె నమూనానుబట్టి మారునని హెచ్చరించుచున్నది. కొలత యన నేమో విద్యార్థులకు బోధించుటకు ఇంతకన్న మంచి ఉదాహరణము దొరకదు.

అయితే ఒక లోపము చెప్పక తప్పదు. పదార్థములో ఎంత కలదో పట్టిక చెప్పును. అందులో ఎంత వంటబట్టునో చెప్పదు. పాలకూరను చూడుడు. 100 గ్రాములలో 82 మిల్లీగ్రాములని పట్టిక చెప్పుచున్నది. ఆవుపాలలో 118. ఈ రెంటికి పెద్ద తేడా లేదని చదువరి భావించును. కాని పాలకూరలోని ఆక్సాలికామ్లము కాల్షియమును కరగని లవణముగా బంధించును. 1988లో అమెరికాలో జరిగిన పరిశోధనలో పాలకూర కాల్షియము నూటికి 5 పాళ్లు మాత్రమే వంటబట్టగా, పాలలోనిది సుమారు 28 పాళ్లు వంటబట్టినది. ఆ లెక్కన పాలకూరనుండి దక్కునది 4 మిల్లీగ్రాములు, పాలనుండి 33. పేరులో పాలున్నను ఆ కూర పాలకు సాటిరాదు. ఆక్సలేటు విలువలను ఈ గ్రంథమే వేరొక పట్టికలో ఇచ్చినది. ఆ రెండు పట్టికలను కలిపి చదువుమని కాల్షియము పుటలో ఒక్క వాక్యము వ్రాసియున్న ఎంతో మేలు కలిగెడిది.

ఈ విషయము స్వల్పమైనది కాదు. అదే సంస్థ వయోజనులకు రోజుకు 600 మిల్లీగ్రాములు చాలునని 2010లో చెప్పి, 2020లో దానిని 1000కి పెంచినది. 16 మొదలు 18 ఏండ్లవారికి 1050 కావలెను. ఎముకలు బలము కూడబెట్టుకొను వయస్సు అదియే. అరలీటరు పాలో పెరుగో, దానితోబాటు 100 గ్రాముల రాగిపిండితో చేసిన సంకటియు తీసికొన్నచో సుమారు 950 మిల్లీగ్రాములు సమకూరును. రాగులలోని ఫైటేటు కొంత ఆటంకపరచును గాని, మొలకెత్తించినచో అది తగ్గును. ప్రేగులు కాల్షియమును గ్రహించుటకు విటమిను డి అవసరము. అది చర్మమునకు ఎండ తగులుటవలన శరీరములో తయారగును. దీనిని ఏ ఆహారపట్టికయు చెప్పదు.

ప్రతి ఉన్నత పాఠశాల గ్రంథాలయములోను ఈ గ్రంథము ఉండవలెను. ఉపాధ్యాయులు మాత్రము పట్టికలోని అంకెను బల్లపై వ్రాసిన పిమ్మట, “ఇందులో మనకు దక్కునదెంత?” అను ప్రశ్నను గూడ దాని ప్రక్కన వ్రాయవలెను.